కాటా చీటీ

మైపాడు రోడ్డులో మా కాటాకి
అరవై టన్నుల దాకా ఓర్పు.
పది కేజీల లోపు మాత్రం దాని కంటికి ఆనదు.

ఐసు బండి దిగి పెంచలమ్మ
ఊరికే ఎక్కి నిలబడేది ప్లేటు మీద.
"ఎంతుండానో చూడన్నా."
ఎర్రంకెల్లో నలభై పడేది.
మూడు నెలల బిడ్డను చంకనేసుకుని ఎక్కినా
నలభయ్యే.
"ఈడు నీ మిషన్‌కి లెక్కలో లేడా?" అని నవ్వి
చీటీ అడిగేది.
బండి నంబరు ఉండాల్సిన చోట
పెంచలమ్మ అని కొట్టి ఇచ్చేవాణ్ణి.

ఆ తెల్లారుజామున పట్టుబడి
గంగపట్నం అవతల పదో నంబరు గుంట.
ఏరియేటర్లు ఆపేశారు.
నడుంలోతు నీళ్లలో వల.
గట్టు మీద ఆరుగురు ఆడోళ్లు ఐసు కొడతా ఉండారు.

సముద్రం వైపు నుంచి వచ్చిందంటాడు అంకయ్య.
"రావడమేంది, ఈడ్చుకుంటా పోయింది" అంటాడు జిలానీ.
"లోడెక్కువైన లారీ గట్టెక్కలేక మూలుగుతాది చూడూ,
అట్టా మూలిగింది, పైన."
తర్వాతది వాడు చెప్పడు.
టీ గ్లాసు కింద పెట్టి
చేతులు చూసుకుంటాడు.

సరుకుల విమానం,
ప్రయాణికులెవరూ లేరని
టీవీలో ఊరటగా చెప్పారు.

పెంచలమ్మ. తుపాకుల పోలమ్మ. ఆమె మరదలు.
ఐసు మోసే కుర్రోడు మస్తాన్.
మోటారు షెడ్డు కాపలా రమణయ్య,
ముందు రోజే జీతం తీసుకున్నాడు.
పైనుండిన ఇద్దరి పేర్లు
మా నాలికకు తిరగలేదు.
బిడ్డ ఉయ్యాల షెడ్డుకు అవతల, తుమ్మకొమ్మకి.
వాడు ఆకలికి ఏడిస్తేనే
ఉండాడని తెలిసింది.

చెక్కపెట్టెలు పగిలి
గుంటంతా ఇనప గుండ్లు,
చక్రాల్లో వేసే నున్నటి గుండ్లు.
కొంగలు మూడు రోజులు
వాటిని పొడిచి చూసి, వదిలేసి పోయినాయి.

తునకలు తూచాలని నా దగ్గరికే తెచ్చారు.
"నీ కాటా సరైందేనా?" అన్నాడు ఆఫీసరు.
కాటా సరైందే సార్ అన్నాను.
నా సంగతి ఆయన అడగలేదు.

పన్నెండేళ్లుగా
వెనక చక్రాలు ప్లేటు దిగేలా లారీని ఆపించి
ముప్ఫై రెండుని ఇరవై ఐదు చేసినోణ్ణి.
బండికి మూడొందలు.
మోసేది రోడ్డేగా అనుకునేవాణ్ణి,
గుంతలు పడితే కాంట్రాక్టరుని తిట్టేవాణ్ణి.
ఏ ఊర్లోనో, ఏ ఏసీ గదిలోనో
నాలాంటోడే ఒకడు
పెన్ను మూత తీసి ఉంటాడు.
వాడికీ పిల్లల ఫీజులుండి ఉంటాయి.
ఆకాశానికి గుంతలు పడవు కదా అనుకుని ఉంటాడు.

పదకొండు లారీలు, రెండు రోజులు.
నాలుగు చక్రాలూ, ఆరు చక్రాలూ, పది చక్రాలూ
అన్నీ ప్లేటు నడిమధ్య నిలబెట్టించాను.
రెక్కలు వేరే, సరుకు వేరే.
కాగితంలో సరుకు తొమ్మిది టన్నులు.
నా దగ్గర పధ్నాలుగు దాటింది.
"బురద తీసెయ్" అన్నారు.
ఎంత తియ్యాలో ఎవురూ చెప్పలేదు.
ఆ బురదలో రొయ్య మీసాలుండాయి,
తెగిన రబ్బరు గ్లౌజు ఉండాది.
నేను తియ్యలేదు.

నెలకి చెంచురామయ్య వచ్చాడు, బిడ్డతో.
పరిహారం ఇవ్వాలంటే
పెంచలమ్మ అనే మనిషి ఉండినట్టు
కాగితం కావాలంట.
ఆధారు తీయించుకోలేదు, రేషనుకార్డులో పేరెక్కలేదు.
మడతలు పడిన చీటీ ఒకటి తీశాడు, ట్రంకుపెట్టెలో దొరికిందని.
పసుపు మరక మీద
మా కాటా పేరు, తేదీ, టైము.
బండి నంబరు: పెంచలమ్మ.

"ఇది పనికొస్తాదా అన్నా?
సంతకం లేదన్నారు."

పనికిరాదని తెలుసు.
సంతకం పెట్టాను.
స్టాంపు తడి చేసి, గట్టిగా అదిమాను.
నికర బరువు దగ్గర నలభై అని ఉండాది.
ఆ రోజు
బిడ్డను ఎత్తుకునే ఉండింది.